ఉప్పుగాలికి నల్లబడిన చెక్క డెక్: కడగడం నుంచి నూనె పట్టించేదాకా

భోగాపురం నుంచి కళింగపట్నం, బారువ దాకా తీరం పొడుగునా ఈమధ్య కడుతున్న ఇళ్ళలో ఇంటి ముందో, మేడ మీదో చెక్క డెక్, అంటే పలకలు పరిచిన నేల, తరచుగా కనిపిస్తోంది. వేసిన కొత్తలో తేనెరంగులో బాగుంటుంది. రెండు వానాకాలాలు దాటేసరికి పైన బూడిదరంగు తేలుతుంది, స్క్రూల చుట్టూ నల్లమచ్చలు పడతాయి, నీడ పడే మూల పాచి పట్టి కాలు జారుతుంది. అప్పుడు పెయింటర్‌ని పిలుస్తాం. ఆయన ఒక చూపు చూసి, "గీకేసి రెండు కోట్లు వార్నిష్ కొట్టేస్తే అద్దంలా ఉంటాది బాబూ" అంటాడు.

ఉంటుంది, ఒక వానాకాలం దాకా. వార్నిష్ చెక్క లోపలికి పోదు, పైన పొరలా కూర్చుంటుంది. ఎండకి చెక్క కుంచించుకుంటుంది, తడికి ఉబ్బుతుంది. పొర దానితో పాటు సాగలేక సన్నగా పగులుతుంది. ఆ పగులులోంచి నీళ్ళు కిందికి దిగితే బయటికి వచ్చే దారి ఉండదు. పొర తెల్లగా పొంగి పెచ్చులూడుతుంది, కింద చెక్క నల్లబడుతుంది. మళ్ళీ బాగుచేయాలంటే మొత్తం గీకాల్సిందే. తలుపులకి, లోపలి ఫర్నిచర్‌కి వార్నిష్ వేయించుకోండి, తప్పులేదు. ఎండా వానా పడుతూ, జనం నడిచే నేలకి మాత్రం లోపలికి ఇంకే నూనె రకమే మేలు. అది పెచ్చులూడదు, మెల్లగా వెలిసిపోతుంది. వెలిసినచోట కడిగి మళ్ళీ రాసుకుంటే సరిపోతుంది.

నూనె పట్టించడం ఒక పూట పని. దానికి ముందు కడగడం, ఆరబెట్టడం, రుద్దడం అసలు పని. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దాని గురించే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సంక్రాంతి వెళ్ళాక, మంచు తగ్గాక. ఫిబ్రవరి, మార్చి నెలలు మన జిల్లాలకి సరైన సమయం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చెక్క ఆరదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చిపడ్డాయి. డిసెంబరు, జనవరిలో వానలు లేకపోయినా తెల్లారేసరికి డెక్ మీద మంచునీళ్ళు నిలిచి ఉంటాయి. మే నెల ఎండలో చెక్క కాలిపోతూ ఉంటుంది కాబట్టి నూనె ఇంకకముందే పైన జిగురులా గట్టిపడుతుంది. పైగా సాయంత్రం పూట గాలివాన ఎప్పుడు వస్తుందో తెలియదు.

ఒక చిన్న చిక్కుంది. పొలాల పక్క ఇల్లయితే ఆ నెలల్లోనే దగ్గర్లో వరి నూర్పులు జరుగుతూ ఉండవచ్చు. ఊక, దుమ్ము గాల్లో తేలివచ్చి తడి నూనె మీద అతుక్కుంటాయి. మెషిన్ ఏ రోజు వస్తుందో పక్క రైతుని అడిగి, మీ రోజు ఖాయం చేసుకోండి.

అది ఏ చెక్క?

డెక్ అంతా అసలు చెక్కేనా అన్నది మొదటి ప్రశ్న. ప్లాస్టిక్, చెక్కపొట్టు కలిపి చేసే డబ్ల్యూపీసీ పలకలు ఇప్పుడు చాలా చోట్ల వేస్తున్నారు. పలక చివర కోత చూడండి. లోపల గొట్టాల్లాంటి ఖాళీలున్నా, ఎక్కడా చెక్క గీతలు లేకుండా ఒకే ముద్దలా ఉన్నా అది డబ్ల్యూపీసీయే. దాన్ని రుద్దకూడదు, నూనె పట్టించినా ఇంకదు. సబ్బునీళ్ళతో కడగడమే దానికి వైద్యం. ఈ వ్యాసం దాని గురించి కాదు.

అసలు చెక్కయితే మన వైపు టేకు, నల్లమద్ది, వేగిస ఎక్కువ. టేకులో సహజంగానే నూనె ఉంటుంది కాబట్టి బయట బాగా నిలుస్తుంది. కాకపోతే చేవ ఉన్న టేకుకే ఆ గుణం. అంచున తెల్లగా కనిపించే చేవలేని భాగం పుచ్చుకీ, చెదకీ తేలిగ్గా లొంగుతుంది. వేగిస గట్టి చెక్కే గానీ తడిస్తే గోధుమరంగు నీరు దిగుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు వేగిస గ్లాసులో రాత్రి నీళ్ళు పోసి పొద్దున తాగుతారే, ఆ రంగే. డెక్ కింద తెల్ల గోడ ఉంటే కడిగేముందు దానికి పాలిథిన్ షీటు కట్టండి.

దిగుమతి పైన్ పలకలు వేసి ఉంటే ఒక జాగ్రత్త. పాత పైన్‌కి పురుగు పట్టకుండా ఎక్కించిన ఆకుపచ్చ మందులో కొన్ని రకాల్లో ఆర్సెనిక్ ఉంటుంది. చెక్కలో ఆకుపచ్చ ఛాయ ఉండి, ఏ మందు ఎక్కించారో మీకు తెలియకపోతే మెషిన్‌తో రుద్దవద్దు. కడిగి, ఆరబెట్టి, పైన నూనె పట్టించి వదిలేయండి.

కిందికి దిగి చూడండి

పైన ఎంత నునుపు చేసినా కింద మోసే దూలాలు పుచ్చితే ఆ శ్రమంతా వృథా. టార్చి లైటు, ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని డెక్ కిందికి వెళ్ళండి. దూలం గోడకి తగిలే చోట, స్తంభం మీద కూర్చునే చోట, పలకల కీళ్ళ కింద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మంచి చెక్కలో మొన దిగదు. మెత్తగా పావు అంగుళం దిగిందంటే లోపల కుళ్ళు ఉన్నట్టే. గోడ మీద సన్నటి మట్టి గీతలు పైకి పాకి ఉంటే అవి చెదల దారులు. పై నూనె చెదల్ని ఆపదు. మందు పడాల్సింది కింద మట్టిలో, చెద మందు వేసేవాళ్ళ చేత. ఆ పని ముగిశాకే మిగతాది.

డెక్ కింద గాలి ఆడుతోందా అని కూడా చూడండి. సరుగుడు తోటల పక్క ఇళ్ళలో ఈ సమస్య ఎక్కువ. సన్నటి సరుగుడు ఆకులు పలకల సందుల్లోంచి జారి, కింద పరుపులా పేరుకుంటాయి. అవి తడి పట్టి ఉంచుతాయి, వాటి కషాయం చెక్క మీద నల్లగా దిగుతుంది. మొత్తం లాగేయండి. సందుల్లో ఇరుక్కున్నదాన్ని వెదురు బద్దతో గీకితే వచ్చేస్తుంది. పలకల మధ్య కనీసం 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. తక్కువుంటే వానాకాలంలో పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి.

కడగడం

ముందు పొడిగా ఊడవండి. తర్వాత మామూలు నీళ్ళతో మొత్తం తడపండి. ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటుంది, తీరంలో చెక్క ఎప్పుడూ చెమ్మగా అనిపించడానికి అదొక కారణం. ఉప్పు పోయేదాకా రెండుసార్లు ధారాళంగా కడగాలి.

ఆ నీళ్ళు ఎక్కడివి అన్నది ముఖ్యం. తీరం దగ్గర చాలా బోర్లలో నీళ్ళు ఉప్పగా ఉంటాయి, కొన్నింటిలో ఇనుము కూడా ఉంటుంది. బకెట్‌లో రాత్రంతా ఉంచితే నీళ్ళ అడుగున ఎర్రటి మడ్డి పేరుకుంటోందా? ఆ నీళ్ళు టేకు మీద పోస్తే చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం, నీళ్ళలోని ఇనుము కలిసి నల్లటి మరక కడుతుంది. శుభ్రం చేద్దామని కడిగితే మచ్చలు పెరిగాయని కొందరు తల పట్టుకునేది ఇందుకే. మొదటి కడుగు ఇనుము లేని ఏ నీళ్ళతోనైనా చేయండి, చివరి కడుగు మాత్రం కొళాయి నీళ్ళతోనో, తెప్పించిన మంచినీళ్ళతోనో చేయండి.

పాచికీ, మురికికీ సోడియం పర్‌కార్బనేట్ అనే పొడి మంచిది. ఆక్సిజన్ బ్లీచ్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. డబ్బా మీద రాసిన పాళ్ళలో గోరువెచ్చని నీళ్ళలో కలిపి, చెక్క మీద పోసి పావుగంట తడిగా ఉంచి, కొబ్బరిపీచు బ్రష్‌తోనో నైలాన్ బ్రష్‌తోనో చెక్క గీతల వెంబడి రుద్దండి. నీడ ఉన్న పూట చేస్తే తొందరగా ఎండిపోదు. బాత్రూమ్ బ్లీచింగ్ పౌడర్ వాడొద్దు. తెల్లగా అవుతుంది గానీ చెక్క పైపొర పీచులు పీచులుగా లేస్తుంది. ఇనుప తీగల బ్రష్ అసలే వద్దు. విరిగిన ముక్కలు చెక్కలో దిగి, మొదటి వానకే ఒక్కోటీ ఒక్కో నల్లచుక్క అవుతుంది.

కారు కడిగే ప్రెషర్ మెషిన్ ఉందని సరదా పడతారు. దాని జోరు ఎక్కువ. వాడితే వెడల్పుగా చిమ్మే ముక్కు పెట్టి, చెక్కకి కనీసం ఒక అడుగు దూరంలో, ఎక్కడా ఆగకుండా చేయి కదుపుతూ ఉండండి. దగ్గరగా పెడితే మెత్తని గీత కొట్టుకుపోయి గట్టి గీత నిలుస్తుంది, పలక మీద దువ్వెన గీసినట్టు గాళ్ళు పడతాయి. అవి రుద్దేసరికి రెండింతల పని. నా ఓటు బ్రష్‌కే.

నల్లమచ్చలు, బూడిదరంగు

కడిగి ఆరాక కూడా స్క్రూల చుట్టూ నలుపు, పైన బూడిదరంగు మిగిలితే ఆక్సాలిక్ యాసిడ్ అవసరం. కెమికల్స్ అమ్మే దుకాణాల్లో తెల్ల పలుకుల్లా దొరుకుతుంది. లీటరు గోరువెచ్చని నీళ్ళకి 80 నుంచి 100 గ్రాములు వేసి, ప్లాస్టిక్ బకెట్‌లో కలపండి. ఇనుప బకెట్ పనికిరాదు. మచ్చ మీద మాత్రమే పూస్తే అక్కడ తెల్లగా వేరుగా కనిపిస్తుంది కాబట్టి పలక మొత్తానికీ పూయండి. ఇరవై నిమిషాలకి నలుపు విరిగి, చెక్క అసలు రంగు తేలుతుంది. మొండి మచ్చకి ఇంకోసారి పూయండి. చివర్లో బాగా కడిగి, కొద్దిగా వంటసోడా కలిపిన నీళ్ళు ఒకసారి పోసి, మళ్ళీ మంచినీళ్ళతో కడగండి.

ఇది విషం. గ్లవ్స్, కళ్ళద్దాలు ఉండాల్సిందే. పొడి గాల్లో లేవకుండా చూడండి. పిల్లల్నీ, కుక్కల్నీ ఆ పూట దూరంగా ఉంచండి. మిగిలిన నీళ్ళు పూలకుండీల్లో పోయవద్దు.

ఆరనివ్వండి

తొందరపడితే పని చెడేది ఇక్కడే. పైన చేయి పెడితే పొడిగా ఉంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. కడిగాక కనీసం నాలుగు మంచి ఎండ రోజులు ఇవ్వండి. మూడడుగుల పాలిథిన్ ముక్క డెక్ మీద పరిచి, అంచులు టేపుతో అంటించి, రెండు మూడు గంటలు ఎండలో ఉంచండి. లోపలి వైపు ఆవిరి చుక్కలు కడితే ఇంకా ఆగాలి. మీటరు కొనుక్కునే ఓపిక ఉంటే తేమ 15 శాతం దగ్గరకి రావాలి. మన తీరపు గాలిలో ఆరుబయట చెక్క అంతకంటే బాగా కిందికి దిగడం కష్టం, దిగలేదని కంగారు అక్కర్లేదు.

పలకలు, స్క్రూలు

ఆరే రోజుల్లో చేతికి పని ఇది. కదిలే ప్రతి పలకనీ తొక్కి చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. తుప్పు పట్టిన మేకుల్ని లోపలికి దిగకొట్టడం కాదు, పీకేయాలి. వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేయాలి. సముద్రం కనిపించే దూరంలో ఇల్లుంటే దుకాణంలో 316 గ్రేడు అడగండి. మామూలు 304 కూడా ఉప్పుగాలికి కొన్నాళ్ళకి ఎర్రబడుతుంది. ఖర్చు ఎక్కువే, ఈ పనిలో పొదుపు చేయకూడని చోటు ఇదొక్కటే అంటాను. గట్టి చెక్కలో ముందు డ్రిల్‌తో కన్నం పెట్టుకోకపోతే పలక చివర చీలుతుంది. తల పైకి తగలకుండా పలక మట్టం కంటే కాస్త లోపలికి బిగించండి, లేకపోతే రుద్దేటప్పుడు ప్రతి తలా ఒక శాండ్‌పేపర్‌ని చింపుతుంది.

పైముఖం బాగా అరిగిపోయిన పలకని పారేయకండి. స్క్రూలు విప్పి తిరగేస్తే అడుగు ముఖం చాలాసార్లు కొత్తదానిలా ఉంటుంది. కొత్త పలక కొనడానికి ముందు వడ్రంగి మేస్త్రిని ఈ మాట అడగండి.

సన్నటి పగుళ్ళని వదిలేయండి. తెల్ల గమ్‌లో చెక్కపొట్టు కలిపి లప్పంలా పూడ్చడం మనవాళ్ళకి అలవాటు. ఇంట్లో బీరువాకి అది నిలుస్తుంది. వానలో గమ్ మెత్తబడి, ముక్క ఊడి బయటికి వస్తుంది. వేలు పట్టేంత రంధ్రాలుంటే మాత్రం ఎపాక్సీతో పూడ్చండి.

రుద్దడం

చేత్తో పట్టుకుని గుండ్రంగా తిరిగే ఆర్బిటల్ శాండర్ అద్దెకి దొరికితే తెచ్చుకోండి, లేదా వడ్రంగి దగ్గర ఉంటుంది. 60 నంబరు శాండ్‌పేపర్‌తో మొదలుపెట్టి 80తో ముగించండి (నంబరు తగ్గేకొద్దీ పేపర్ గరుకు ఎక్కువ). పాత వార్నిష్ పొర ఉంటే దానికి ముందు 40 నంబరు కావాలి. పొర పూర్తిగా పోవాలి. అక్కడక్కడా మిగిలిన వార్నిష్ కింద నూనె ఇంకదు, పులిమచ్చల్లా కనిపిస్తుంది.

ఇంకా నునుపు చేద్దాం, 120, 180 కొడదాం అని మేస్త్రి ఉత్సాహపడతాడు. ఆపండి. నునుపు ఎక్కువైతే చెక్క పైపొర మూసుకుపోయి నూనె తక్కువ తాగుతుంది, పైగా తడిలో కాలు జారుతుంది. పలకల చివరి కోతలకి మాత్రం 120 వాడొచ్చు. అక్కడ చెక్క గొట్టాల్లా నోరు తెరిచి ఉంటుంది, గరుకుగా వదిలితే నూనె ఎక్కువ తాగి నల్లగా కనిపిస్తుంది.

మెషిన్‌ని నొక్కకండి, దాని బరువు చాలు. ఒకేచోట ఆపితే గుంట పడుతుంది. టేకు పొట్టు కొందరికి దురద, తుమ్ములు తెస్తుంది, ఎన్95 మాస్కు పెట్టుకోండి. రుద్దాక వాక్యూమ్‌తోనో, కొబ్బరి ఈనెల చీపురుతోనో సందులు సహా దులిపి, తడి గుడ్డతో కాకుండా పొడి గుడ్డతో తుడవండి.

ఇప్పుడొక పరీక్ష. నాలుగైదు చోట్ల చెంచాడు నీళ్ళు చుక్కలుగా వేయండి. కొద్ది నిమిషాల్లో ఇంకిపోతే చెక్క సిద్ధంగా ఉన్నట్టు. పూసల్లా నిలిస్తే అక్కడ పాత పొర మిగిలి ఉంది, మళ్ళీ రుద్దండి.

ఏ నూనె

బయటి నేలకి అని డబ్బా మీద స్పష్టంగా ఉన్న డెక్ ఆయిల్ కానీ, లోపలికి ఇంకే రకం వుడ్ స్టెయిన్ కానీ తీసుకోండి. పూర్తి పారదర్శకం వద్దు, కాస్త గోధుమరంగు కలిసినది తీసుకోండి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్ని ఆపేది ప్రధానంగా ఆ రంగు పొడే. రంగులేని నూనె వేస్తే చెక్క కొన్ని నెలల్లోనే మళ్ళీ బూడిదరంగుకి తిరుగుతుంది.

అవిసె నూనె, అంటే దుకాణాల్లో డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, చౌక. టర్పెంటైన్ కలిపి పూయడం పాత పద్ధతి. పొడి ఊళ్ళలో ఫరవాలేదు. మన చెమ్మ గాలిలో దానిమీద బూజు తేలిగ్గా పెరుగుతుంది, ఆరడానికీ రోజులు పడుతుంది. పాత ఇళ్ళ తలుపులకి వేసే లక్క, స్పిరిట్ పాలిష్ అయితే ఒక్క వానకే తెల్లగా పొంగిపోతుంది.

పలాస వైపు వాళ్ళు జీడిపిక్కల తొక్కల నూనె పూయమని సలహా ఇస్తారు. పడవలకీ, కంచె గుంజలకీ చెద పట్టకుండా అది పనికొచ్చేమాట నిజమే. చేతికి తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, నల్లగా జిగటగా ఉంటుంది. పిల్లలు ఉత్తకాళ్ళతో ఆడుకునే నేల మీద అది వద్దు.

10 అడుగులు, 12 అడుగుల డెక్ అంటే 120 చదరపు అడుగులు, దాదాపు 11 చదరపు మీటర్లు. ఎండిన పాత చెక్క నూనె బాగా తాగుతుంది. రెండు పూతలకి, చివరి కోతలకి కలిపి రెండు నుంచి రెండున్నర లీటర్లు తెచ్చుకోండి. సగంలో అయిపోయి ఇంకో డబ్బా తెస్తే రంగు కాస్త తేడా వస్తుంది. అందుకని రెండు డబ్బాలు అవసరమైతే ముందే ఒక బకెట్‌లో కలిపేసుకోండి.

పట్టించడం

పొద్దున తొమ్మిది దాటాక, మంచు ఆరాక మొదలుపెట్టండి. పలకలు చేతికి వేడిగా తగిలేలోపు ముగించాలి, లేదా సాయంత్రం నీడ పడ్డాక చేయాలి. గోడ మూల నుంచి మెట్ల వైపు వెనక్కి వస్తూ వేయండి, లేకపోతే మధ్యలో చిక్కుకుంటారు. నాలుగంగుళాల బ్రష్‌తో రెండు మూడు పలకలు తీసుకుని, ఒక కొస నుంచి రెండో కొస దాకా ఆపకుండా పూయండి. మధ్యలో ఆపితే అక్కడ ముదురు గీత శాశ్వతంగా కనిపిస్తుంది. డబ్బాని మధ్యమధ్య అడుగు దాకా కలుపుతూ ఉండాలి, రంగు అడుగున చేరుతుంది.

పావుగంట తర్వాత చూడండి. ఇంకకుండా మెరుస్తూ నిలిచిన నూనెని నూలుగుడ్డతో తుడిచేయండి. చాలామందికి చేయి రానిది ఈ తుడవడమే, డబ్బు పెట్టి కొన్నది తుడిచేయడం ఏమిటని. నిలిచిపోయిన నూనె జిగటగా ఉండి దుమ్ము పట్టి నల్లబడుతుంది. పలకల చివరి కోతలకి మాత్రం రెండు మూడు సార్లు, తాగినంత పట్టించండి. నీళ్ళు ఎక్కువ దిగేది అక్కడినుంచే.

రెండో పూత ఎప్పుడో డబ్బా మీద రాసి ఉంటుంది, దానికి ఒక పూట కలుపుకోండి. చెమ్మ గాలికి ఆలస్యమవుతుంది. టేకు లాంటి నూనె చెక్క మొదటి పూతతోనే తృప్తిపడవచ్చు. రెండోది పైనే నిలుస్తుంటే ఆపేయండి.

నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి. ఆరే నూనె వేడి పుట్టిస్తుంది, ఆ వేడి ఉండలో చిక్కి గుడ్డలు వాటంతట అవే అంటుకోగలవు. నీళ్ళ బకెట్‌లో ముంచండి, లేదా బయట నేల మీద ఒక్కొక్కటీ విడివిడిగా పరిచి ఎండాక పారేయండి. మేస్త్రి కుర్రాడికి ఈ మాట గట్టిగా చెప్పండి.

ఒక రోజు ఎవరూ నడవకూడదు. కుర్చీలు, ఊయల మూడు రోజుల తర్వాతే. పూలకుండీలు నేరుగా పెట్టకుండా కింద అంగుళం ఎత్తు దిమ్మలు వేయండి, కుండీ అడుగున గుండ్రటి నల్ల మచ్చ పడదు. రబ్బరు డోర్‌మ్యాట్ కూడా వద్దు, కొబ్బరిపీచుది వేసి అప్పుడప్పుడు ఎత్తండి.

తర్వాత ఏడాది

తుఫాను వెళ్ళిన మర్నాడు, కరెంటు రాకముందే అయినా సరే, రెండు బకెట్ల మంచినీళ్ళతో డెక్ మీది ఉప్పు కడిగేయండి. మిగతా రోజుల్లో సరుగుడు ఆకులు ఊడ్చడం తప్ప పెద్ద పని లేదు. మళ్ళీ ఫిబ్రవరి వచ్చినప్పుడు అదే చెంచాడు నీళ్ళ పరీక్ష చేయండి. పూసలు కడితే ఆ ఏడాదికి కడిగితే సరి. ఇంకిపోతే కడిగి, ఆరబెట్టి, 80 నంబరు పేపర్‌తో చేత్తో తేలిగ్గా ఒకసారి లాగి, ఒక్క పూత. ఎండ ఎక్కువ పడే దక్షిణం వైపు పలకలకి ఇది ఏటా అవసరమవుతుంది, నీడలో ఉన్నవాటికి రెండేళ్ళకోసారి చాలు. మొత్తం డెక్‌కి ఒకేసారి రాయాల్సిన పనిలేదు, వెలిసిన పలకలకి రాసుకుంటూ పోవచ్చు. అందుకే మిగిలిన నూనె డబ్బా మూత గట్టిగా బిగించి, రంగు పేరు, కొన్న తేదీ పైన రాసి దాచుకోండి.